బొమ్మకారుకి పెట్రోలు

బొమ్మకారులో పెట్రోలు పోసి నడిపేవాళ్ళంటే మీరు నమ్ముతారా? కీ ఇచ్చి వదిలే కారు సంగతి కాదు నేను చెప్పేది. బ్యాటరీ వేసి మీట నొక్కేదీ కాదు. అచ్చమైన ఇంజను, అచ్చమైన పొగ, వీధి చివరిదాకా వినిపించే రొద. మూరెడు పొడుగున్న కారు గంటకి నూరు మైళ్ళు దాటి పరిగెత్తేది. అదీ 1940ల్లో, మన దేశానికింకా స్వాతంత్ర్యం వచ్చీ రాని రోజుల్లో.

అమెరికాలో పుట్టిన ముచ్చట ఇది. వాళ్ళు వీటిని గ్యాస్ కార్లనేవాళ్ళు. గ్యాస్ అనగానే మనకి వంటింట్లో సిలిండరు కళ్ళముందు నిలబడుతుంది గాని, వాళ్ళ వాడుకలో పెట్రోలుకే ఆ పేరు.

‘నవలలు రాసుకునేదానివి, ఈ ఇంజన్ల గోల నీకెందుకమ్మా’ అని మీరడగొచ్చు. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికే అడిగేశారు. బి.ఏ.లో నేను చదివింది చరిత్రే. అందులో పట్టాభిషేకాలున్నాయి, యుద్ధాల తేదీలున్నాయి, సంధి షరతులున్నాయి. పని ముగించుకుని ఇంటికొచ్చిన మగవాడు సాయంత్రం పూట షెడ్డులో కూచుని ఆకురాయితో ఏం అరగదీసుకున్నాడో మాత్రం మా పాఠాల్లో ఎక్కడా లేదు. ఆ సాయంత్రాల మీద నాకు కాస్త మమకారం.

1929లో అమెరికాలో షేర్‌మార్కెట్ కుప్పకూలింది. నాలుగేళ్ళు తిరిగేసరికి కోటిమందికి పైగా పనిలేని వాళ్ళయ్యారు. అలాంటి కాలంలో కార్ల పందాలు మానుకుని వుంటారనుకుంటాం కదూ? మానుకోలేదు, కారు సైజు తగ్గించుకున్నారు. 1933లో కాలిఫోర్నియాలో మిడ్జెట్ కార్ల పందాలు మొదలయ్యాయి. పొట్టి ముక్కు, గుండ్రటి తోక, ఒక్క మనిషి ఇరుక్కుని కూచునే చోటు, అంతే కారు. ఆ మరుసటేడు లాస్ ఏంజలస్‌లో గిల్మోర్ స్టేడియం తెరిస్తే, వాటిని చూడ్డానికి జనం విరగబడ్డారు. చూసి ఇంటికొచ్చిన కుర్రాళ్ళకీ, చేతిపని తెలిసిన మెకానిక్కులకీ ఆ పొట్టి కారు కొనే తాహతు కూడా లేదు. దాన్ని ఇంకా పొట్టిది చేసి ఒళ్ళో పట్టేలా తయారు చేసుకుంటే? కొయ్య చెక్కుకోవచ్చు, రేకు వంచుకోవచ్చు, చక్రాలు పోతపోయించుకోవచ్చు. మరి ఇంజనో?

ఇంజను దేశానికి ఆ చివరి నుంచి వచ్చింది. ఫిలడెల్ఫియాలో బిల్ బ్రౌన్ అనే కుర్రాడు విమానం బొమ్మల కోసం ఒక చిన్న పెట్రోలు ఇంజను తయారు చేసుకున్నాడు. ఆ రోజుల్లో విమానం బొమ్మలన్నీ రబ్బరు తాడు మెలిపెట్టి ఎగరేసేవే. 1933 జాతీయ పోటీల్లో అతని స్నేహితుడు మాక్స్‌వెల్ బాసెట్ ఈ ఇంజను బిగించిన విమానం ఎగరేసి, రబ్బరు తాడు విమానాలన్నిటినీ చిత్తు చేశాడు. మిగతావాళ్ళు లబోదిబోమన్నారు. చివరికి ఇంజను విమానాలకి వేరే పోటీ పెట్టాల్సి వచ్చింది. 1934 నుంచి ‘బ్రౌన్ జూనియర్’ అనే పేరుతో ఆ ఇంజను అమ్మకానికొచ్చింది. ధర ఇరవై ఒకటిన్నర డాలర్లు.

ఇరవై ఒకటిన్నర డాలర్లంటే ఎంతో మనకి అందాలి కదా. 1938లో అమెరికా ప్రభుత్వం మొదటిసారి దేశమంతటికీ కనీస వేతనం నిర్ణయించినప్పుడు అది గంటకి పాతిక సెంట్లు. అంటే ఆ కూలి తీసుకునే మనిషి 86 గంటలు, దాదాపు రెండు వారాలు, తిండీ అద్దే మానేసి పనిచేస్తే ఒక ఇంజను. ఇంట్లో ఇల్లాలు ఏమనుకుని వుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంజనెంతంటే, గుప్పిట్లో పట్టేంత. సుమారు పది సి.సి. మన బజాజ్ చేతక్ స్కూటరు ఇంజను 145 సి.సి. వుండేది, అందులో పదిహేనో వంతన్నమాట. చేతక్ నడిపిన వాళ్ళకి ఇంకో సంగతి గుర్తుండే వుంటుంది. బంకులో పెట్రోలు పోయించుకునేటప్పుడు అందులో ఆయిల్ కలిపించుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి లోపల పిస్టనుకి కావలసిన జిడ్డు ఆ పెట్రోలుతోబాటే అందాలి. ఈ బుల్లి ఇంజనుదీ అదే పద్ధతి. రోకలి రోట్లో పడి లేచినట్టు పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి. పైకి వెళ్ళేటప్పుడు ఆవిరిని నొక్కిపెడుతుంది, నిప్పురవ్వ పడగానే ఒక్క తాపుతో కిందికొస్తుంది. తేడా ఎక్కడంటే, రోకలికి రోటికీ మధ్య వేలు పడుతుంది. ఇక్కడ వెంట్రుకకి కూడా చోటుండకూడదు. అంత బిగువుగా వుంటూనే రాసుకోకుండా ఆడాలి. లేతు మిషను మీద చెయ్యి తిరిగినవాడు తప్ప చెయ్యలేని పని.

అసలు చిక్కు ఇంజనుతో కాదు, దాని సరంజామాతో వచ్చింది. నిప్పురవ్వ పుట్టాలంటే స్పార్క్ ప్లగ్గొక్కటే చాలదు. కాయిలు, కండెన్సరు, బ్యాటరీలు కూడా కావాలి. అన్నీ కలిపితే ఇంజను కంటే బరువు. విమానంలో ఆ బరువు ప్రాణం తీసేది. కారుకి మాత్రం నేలమీద పరిగెత్తడమే కాబట్టి ఫరవాలేదు. 1930లు ముగిసేసరికి, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, ఈ ఇంజన్లు కార్లలోకి దిగాయి.

సరే, మూరెడు కారులో పది సి.సి. ఇంజను పెట్టారు. తోలేవాడు లేడు, స్టీరింగు తిప్పేవాడు లేడు. రోడ్డుమీద వదిలితే ఎవరి పిక్కలు విరుగుతాయో తెలియదు. అందుకని రెండు మార్గాలు కనిపెట్టారు. ఒకటి, గుండ్రటి బాట పొడుగునా పట్టా వేసి, కారు దాన్ని పట్టుకుని పోయేలా చెయ్యడం. ఇందులో నాలుగైదు కార్లు ఒకదానితో ఒకటి పోటీపడొచ్చు, చూసేవాళ్ళకి మంచి సరదా. రెండోది గానుగెద్దు పద్ధతి. మధ్యలో ఒక స్తంభం, దానికి ఉక్కు తీగ, తీగ చివర కారు. ఒక్కో కారూ ఒంటరిగా చుట్లు తిరుగుతుంది, గడియారంతో కాలం కొలుస్తారు. చివరికి నిలిచింది ఈ గానుగెద్దు పద్ధతే.

ఈ వలయం 70 అడుగుల వెడల్పు వుంటే, 24 చుట్లు తిరిగేసరికి మైలు పూర్తవుతుంది. గంటకి నూరు మైళ్ళ వేగమంటే చుట్టుకి ఒకటిన్నర సెకను. కళ్ళు తిప్పేలోగా కారు మళ్ళీ వచ్చేస్తుంది. మా అబ్బాయి చేత లెక్క వేయించాను. మూడు కిలోల కారు ఆ వేగంతో తిరుగుతుంటే తీగ మీద పడే లాగుడు యాభై ఏడు కిలోలట. ఒక మనిషి తీగకి వేలాడుతున్నట్టే లెక్క. తీగ తెగితే ఆ బొమ్మ తుపాకీ గుండే అవుతుంది. అందుకే చుట్టూ కంచె వుండేది, చూసేవాళ్ళు దాని వెనకే నిలబడాలి.

వదలడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. కారుని పొడుగాటి కర్రతో నెట్టుకుంటూ పరిగెత్తితే ఇంజను అందుకుంటుంది. ఆపడానికి కారు వీపు మీద మీసంలా ఒక సన్నటి తీగ నిలబెట్టి వుంచేవారు. దాన్ని తడితే ఇంజను ఆగిపోతుంది. దేంతో తట్టేవారంటారా? చీపురుతో. నిజమేనండీ. నూరు మైళ్ళ వేగంతో దూసుకొచ్చే యంత్రం ముందు గౌరవనీయులైన పెద్దమనుషులు చీపురు చాచి నిలబడేవారు. మన ఇళ్ళల్లో చీపురు ముట్టుకోమంటే ముఖం చిట్లించే మగవాళ్ళకి ఈ సంగతి చెప్పి చూడండి.

ఈ బుల్లి ఇంజన్ల కథలో ఒక సినిమా తార కూడా వుంది. రెజినాల్డ్ డెన్నీ అని హాలీవుడ్‌లో ఒక ఇంగ్లీషు నటుడుండేవాడు. విమానాల పిచ్చి. 1930ల మధ్యలో హాలీవుడ్ బూలెవార్డ్ మీద బొమ్మ విమానాల దుకాణం పెట్టి, ‘డెన్నీమైట్’ అనే ఇంజను కూడా అమ్మాడు. దాన్ని రూపొందించినవాడు వాల్టర్ రైటర్. డెన్నీ ఆలోచన అక్కడితో ఆగలేదు. ఇలాంటి విమానాన్నే కాస్త పెద్దది చేసి, రేడియోతో నడిపిస్తే, సైన్యంలో విమానాల్ని కూల్చే తుపాకీలవాళ్ళు గురి నేర్చుకోవడానికి పనికొస్తుంది కదా అన్నాడు. రైటరే దానికి ఆరు హార్స్‌పవర్ ఇంజను చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ‘రేడియోప్లేన్’లు వేల సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధం చివరి రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు పనిచేస్తున్న ఫొటోలు తియ్యడానికి డేవిడ్ కోనోవర్ అనే సైనిక ఫొటోగ్రాఫరు వెళ్ళాడు. అక్కడ పనిచేస్తున్న ఒకమ్మాయి అతని కంట్లో పడింది. మొగుడు ఓడ మీద వుద్యోగం చేస్తూ ఎక్కడో సముద్రంలో వున్నాడు. ఆ అమ్మాయి పేరు నోర్మా జీన్. ఆ ఫొటోల దారిన మోడలింగులోకీ, అక్కణ్ణుంచి సినిమాల్లోకీ వెళ్ళి మార్లిన్ మన్రో అయింది. బొమ్మ ఇంజను ఎవరి నుదుటిరాత ఎలా మార్చిందో చూడండి!

అదే యుద్ధం కార్ల ఆటని మాత్రం ఆపేసింది. 1942 నుంచి అల్యూమినియం, ఉక్కు, లేతు మిషన్లు, వాటి ముందు నిలబడే పనివాళ్ళు, అందర్నీ అన్నిటినీ యుద్ధం పట్టుకుపోయింది. కాని ఆ మూడేళ్ళూ వృథా పోలేదు. విమానాల విడిభాగాలు చేసి చేసి వాళ్ళ చేతులు మరింత నాజూకు నేర్చాయి. 1945లో ఇళ్ళకొచ్చిన వాళ్ళ జేబుల్లో కాస్త డబ్బుంది. ఇంకేం, ఆట పదింతలై లేచింది. లాస్ ఏంజలస్‌లో డూలింగ్ సోదరులు, ఫ్రెస్నోలో ‘హార్నెట్’ ఇంజను చేసిన రే స్నో, ఎర్ర రంగు తలతో మెరిసే ఇంజను చేసిన డిక్ మెకాయ్, వీళ్ళంతా అప్పటి మొనగాళ్ళు. డూలింగ్ వాళ్ళ కార్లకి మెర్క్యురీ, ఫ్రాగ్, యారో అని పేర్లు. ఆ పేర్లు వరసగా చూస్తే ఆట ఎటు పోతోందో తెలుస్తుంది. మెర్క్యురీకి పందెం కారు పోలికలన్నీ వున్నాయి, ముందు జాలీతో సహా. యారోకి వచ్చేసరికి ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు, గాలికి అడ్డం తగిలేది ఏదీ లేదు. నున్నటి చేప ఒంటికి చక్రాలు అతికించినట్టు వుంటుంది. కారులో మనిషి కూచోవాల్సిన చోటే మాయమైపోయింది.

వేగం పెరగడానికి ఇంకో కారణం 1947లో రే ఆర్డెన్ అనే ఆయన బజారులోకి తెచ్చిన గ్లో ప్లగ్గు. కాయిలు, కండెన్సరు, బ్యాటరీ, ఆ సరంజామా మొత్తం ఒక్క దెబ్బతో పోయింది. ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట వుంటుంది. మొదట్లో ఒక్క క్షణం బయటి బ్యాటరీతో దాన్ని ఎర్రబెట్టాలి. ఇంజను అందుకున్నాక, మండే ఇంధనం వేడికే ఆ తీగ ఎర్రగా వుంటుంది. మనం కుంపట్లో ఒకసారి రాజుకున్న బొగ్గుకి మళ్ళీ అగ్గిపుల్ల గియ్యం కదా, అలా. కాకపోతే దీనికి పెట్రోలు పనికిరాదు, మిథనాల్ అనే సారాయి జాతి ద్రవం కావాలి. మిథనాల్లో మామూలు ఇంజనాయిలు కలవదు. మరి జిడ్డుకి ఏం చేశారు?

ఆముదం పోశారు! మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లు కూడా ఆముదం తాగినవే. మిథనాల్లో చక్కగా కలిసిపోతుంది. ఎంత వేడెక్కినా పిస్టనుకి పట్టిన జిడ్డు వదలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలల్లో పెరిగే ఆముదపు చెట్టు, మన అమ్మమ్మలు తలకి పట్టించి, కడుపు శుభ్రానికి ముక్కు పట్టుకుని తాగించిన ఆముదం, కాలిఫోర్నియాలో పందెం కార్లకి ప్రాణవాయువైంది. ఆ పందాలకి వెళ్ళిన వాళ్ళు ముసలితనంలో కూడా మర్చిపోనిది కాలిన ఆముదం వాసనట. మనలో చాలామంది కూడా ఆ వాసన మర్చిపోలేదు గాని, కారణం వేరు.

ఇంత బాగా నడుస్తున్న ఆట 1950ల్లో ఎందుకు నీరసించింది? ఒక్క కారణం చెప్పలేం. వూళ్ళు పెరిగి మైదానాల పక్కకి ఇళ్ళొచ్చాయి, ఇళ్ళవాళ్ళు రొద భరించలేకపోయారు. తీగ పట్టుకుని తిప్పే విమానాలొచ్చాయి. మెకాయ్, డూలింగ్ ఇంజన్లే వాటిలోకి మారిపోయాయి. ఇవన్నీ సరేగాని, నా మటుకు నాకనిపించేది ఆట గొంతు పిసికింది వేగమేనని. మొదట్లో ఎవరి కారు వాళ్ళు చెక్కుకున్నారు, నలభై మైళ్ళు పోతే పండగ చేసుకున్నారు. తరవాత గెలవాలంటే ఫలానా కారు, ఫలానా ఇంజను కొనాల్సిందే. కొన్నాక దాన్ని విప్పి మరో అరమైలు వేగం కోసం రాత్రంతా అరగదియ్యాల్సిందే. ఆశగా కంచె పట్టుకుని నిలబడ్డ పన్నెండేళ్ళ కుర్రాడికి అందులో చోటెక్కడ?

ఆ కుర్రాణ్ణి పట్టించుకున్నవాడు లెరాయ్ కాక్స్. కాలిఫోర్నియాలోనే శాంటా ఆనాలో, 1945లో లోహం దొరక్క చెక్క తుపాకీ బొమ్మలతో వ్యాపారం మొదలుపెట్టినవాడు. లోహం దొరకడం మొదలయ్యాక అల్యూమినియంతో చిన్న పందెం కారు పోతపోసి ‘థింబుల్ డ్రోమ్’ అని పేరు పెట్టాడు. థింబుల్ అంటే కుట్టుపని చేసేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే లోహపు టోపీ. 1950ల్లో ఆయన చేసిన ఇంజను ఒక సి.సి. కూడా లేదు, 0.8 మాత్రమే. అది లక్షల సంఖ్యలో పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. పెద్దవాళ్ళ పందాల చరిత్రలు రాసేవాళ్ళు కాక్స్‌ని కాస్త చిన్నచూపు చూస్తారు. నాకైతే అందర్లోకీ ఆయనే పెద్దమనిషిగా కనిపిస్తాడు.

రెండేళ్ళ కిందట కాలిఫోర్నియాలో మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం మా మరదలు పాత సామాన్ల సంతకి తీసికెళ్ళింది. అక్కడ ఒక తెల్లజుట్టు తాత బల్లమీద ఇలాంటి కార్లు రెండు చూశాను. ఒకే కంపెనీవి, ఒకే ఎరుపు. ఒకటి తళతళలాడుతోంది. రెండోదాని ముక్కు సొట్టపోయింది, రంగు రేగింది, ఇంజను గోధుమరంగు జిగురు పట్టి వుంది. మొదటిదాని ధర రెండోదానికి మూడు రెట్లు. ఎందుకలా అని అడిగితే, “అది ఒక్కసారి కూడా పరిగెత్తలేదమ్మా” అన్నాడు గర్వంగా. “మరి ఇది?” అంటే, “దానికేం, అది బతికినన్నాళ్ళూ పరిగెత్తింది” అన్నాడు, ఈసారి గొంతు కాస్త తగ్గించి. అనుమతి అడిగి ఆ సొట్టకారుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదమే! మా మరదలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ తరవాత చాలా రోజులు నాకదే ఆలోచన. ఈ కార్లు వేలం పాటల్లో వేల డాలర్లు పలుకుతాయి, అద్దాల బీరువాల్లో కూచుంటాయి. మనం వాటిని చూసే ఆ ఆట ఎలా వుండేదో వూహించుకుంటాం. కాని బాగా ఆడిన కార్లు కంచెకి కొట్టుకుని ముక్కలయ్యాయి, ఇంజన్లు అరిగిపోయాయి, విడిభాగాలుగా మరో కారులో కలిసిపోయాయి. చెక్కుచెదరకుండా మిగిలినవాటిలో ఎక్కువ భాగం కొని డబ్బాలోనే దాచినవీ, మొదటి రోజే మొరాయిస్తే అటకెక్కినవీ. ఆట గురించి సాక్ష్యం చెప్పాల్సినవాటిలో చాలామటుకు ఆటలో లేనివే! మా ఇంట్లో అమ్మమ్మ పట్టుచీరలు రెండు పెట్టెలో భద్రంగా వున్నాయి. ఆవిడ రోజూ కట్టిన నేత చీర ఒక్కటీ మిగల్లేదు. ఆ పట్టుచీరలు చూసి ఆవిడ ఎలా బతికిందో చెప్పమంటే మా పిల్లలేం చెబుతారు?

ఆట పూర్తిగా చచ్చిపోయిందనుకోకండి. అమెరికాలోనూ, యూరప్‌లోనూ కొద్దిమంది ఇప్పటికీ ఆడుతున్నారు. యూరప్ వలయంలో ఎనిమిది చుట్లు తిరిగితే అర కిలోమీటరు. పది సి.సి. కార్లు గంటకి 300 కిలోమీటర్లు దాటి తిరుగుతున్నాయి. మా అబ్బాయి మళ్ళీ లెక్క వేశాడు. మూడు కిలోల కారైతే ఇప్పుడు తీగ మీద లాగుడు రెండు వందల కిలోలు దాటుతుందట.

ఇక పాత కార్లున్నవాళ్ళలో రెండు పక్షాలు. నడపకూడదు, విలువ పోతుందనే వాళ్ళొక పక్షం. ఒక్కసారైనా దాని గొంతు వినకపోతే అది వుండి ఏం లాభమనే వాళ్ళు రెండోది. ఈ రెండో పక్షం వాళ్ళకి ఎదురయ్యే మొదటి కష్టం ఆముదమే. డెబ్భై ఏళ్ళ కిందట ఇంజన్లో మిగిలిపోయిన ఆముదం లక్కలా గట్టిపడి పిస్టన్ని పట్టేసుకుని వుంటుంది. బలవంతం చేస్తే విరుగుతుంది. దానికి విరుగుడు వేడి. కొందరు జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చబెడతారు. ఇంకొందరు సన్నసెగ మీద గంటల తరబడి వండే కరెంటు గిన్నె వుంటుంది చూడండి, అందులో పడేసి, కారు రేడియేటర్లో పోసే కూలెంటులో రాత్రంతా నాననిస్తారు. (ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదు, ఇల్లాళ్ళు గమనించాలి.) పొద్దున్నే తీసి, తుడిచి, వేడి తగ్గకముందే బొటనవేలితో చక్రాన్ని మెల్లిగా తిప్పి చూస్తారు. ముందు కదలదు. ఇంకాస్త వెచ్చబెడతారు. వెంట్రుకవాసి కదులుతుంది, ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆ తరవాత ఒక్కసారిగా, లోపల గాలి నొక్కుకున్న చిన్న చప్పుడుతో, చుట్టంతా తిరిగేస్తుంది.